ఉప్పందించడం

బర్కాలో జూలై. రాత్రి పదకొండుకి కూడా
క్లినిక్ తలుపు పిడి చురుక్కుమంటుంది.
కిటికీ అవతల ప్లాంటు
సముద్రాన్ని పీల్చి, ఉప్పు ఊడదీసి
కుళాయిలకి మంచినీళ్ళు పంపుతోంది.

నా బల్లమీద రెండు సీసాలు.
ఒకటి నేపాలీ పిల్లాడు తిలక్‌ది. వచ్చి మూడు వారాలు.
ఇంకోటి గుండవేని దుబ్బరాజంది. ఆరో ఎండాకాలం.
ఒకే పరంజా మీద, ఒకే మధ్యాహ్నం కూలబడ్డారు.

తిలక్ మూత్రంలో సోడియం: ఆరు.
పిసినారి అంకె. చూసి నవ్వుకున్నాను.
లోపల ఎవరో మెలకువగా ఉన్నారన్నమాట.
నెత్తురు తగ్గుతోందని మూత్రపిండం మొరపెట్టుకుంటే
దాని నెత్తిన టోపీలా కూర్చున్న చిన్న గ్రంథి విని
ఆల్డోస్టెరాన్ చేత కబురంపుతుంది.
మా ఊళ్ళో దాన్నే ఉప్పందించడం అంటారు.
అందిందా, చిట్టచివరి నాళాల్లో
తూములు లేస్తాయి,
పారిపోతున్న సోడియం వెనక్కి మళ్ళుతుంది,
మూడు సోడియం నెత్తుటిలోకి, రెండు పొటాషియం అవతలికి,
రాత్రంతా అదే మారకం.

మాది చినగంజాం. ఉప్పుమడుల మధ్య పెరిగాను.
నాన్న పలక ఎత్తితే కాలవ దారి మార్చుకోవడం తెలుసు.
రోజుకి కిలోన్నర ఉప్పు వడబోస్తుందట మనిషి ఒళ్ళు,
చిటికెడు తప్ప అంతా తిరిగి తెచ్చుకుంటుందట.
మా షావుకారు ఏనాడూ అంత సరిగ్గా లెక్క చెప్పలేదు.

దుబ్బరాజంది: ఎనభై ఎనిమిది.
మళ్ళీ పెట్టాను. ఎనభై ఎనిమిది.
నెత్తుటిలో చూస్తే నూట ఇరవై ఒకటే. పొటాషియం ఆరున్నర.
ఇల్లు ఖాళీ అవుతుంటే
తలుపులు బార్లా తీసి ఎవరు పడుకున్నారు?

బయట బెంచీ మీద అతని రూమ్మేట్ పోశెట్టి
ఒళ్ళో చొక్కా పెట్టుకుని గోటితో గీకుతున్నాడు.
"సూడు మేడం, కొత్తోని అంగికి ఉప్పు గిట్ల తేల్తది.
నెల దాటితే పెయ్యి నేర్సుకుంటది, చెమట సప్పగైతది.
ఈనికి ఆరేండ్లాయె. ఈ ఏడు మల్ల తెల్లగ అట్టలు గట్టవట్టె.
ఉత్త ఉప్పు అరచేతులేస్కొని నాకుతుండు.
నల్లవడ్డడంటె ఎండకన్నరు.
ఫోర్మాన్ గూడ గదే అన్నడు."

వార్డుకి వెళ్ళాను. నా పని కాదు.
అతని పిడికిలి విప్పాను.
గీతల్లో నలుపు.
పెదవి పైకెత్తాను. చిగుళ్ళ మీద
సిరా ఒలికినట్టు నలుపు.
సూర్యుడు ఇక్కడిదాకా రాడు.

ఆ టోపీలు రెండూ ఎండిపోయాయి.
కబురు చెప్పేవాళ్ళు లేక
ఏ తప్పూ చెయ్యని కాపలాదారు, మూత్రపిండం,
గేటు తెరిచి చీకట్లో కూర్చుంది.

కంపెనీ మనిషి ఫారం తెచ్చాడు.
వడదెబ్బ అన్న గడి, పక్కనే అన్‌ఫిట్ అన్న గడి.
పొద్దుటి ఫ్లైట్లో సీటుందట.
"వాళ్ళ ఉప్పు తింటున్నాం కదమ్మా" అన్నాడు,
తణుకు యాసలో, మర్యాదగానే.
తింటున్నాను. కాదనను.
ఎవరి ఉప్పు ఎటు పోయిందో మాత్రం
నా చేతిలో కాగితం మీద ఉంది.

డాక్టర్ జుహైనాని నిద్ర లేపాను.
రెండు అంకెలు, అరచెయ్యి, చిగుళ్ళు, చొక్కా.
ఆమె ఒక్క క్షణం మాట్లాడలేదు.
తర్వాత గబగబా: సెలైన్, హైడ్రోకార్టిసోన్, ఇప్పుడే, వస్తున్నాను.
తెల్లారాక ఇంకో మాత్ర ఉంటుంది, ఆవగింజంత,
బతికినన్నాళ్ళూ.
పోయిన గ్రంథి చెప్పాల్సిన మాట
ఇక అది చెబుతుంది.

ఫారం మీద సంతకం పెట్టలేదు.
నేనెవరి మీదా చాడీ చెప్పలేదు కూడా.

నాలుగింటికి మళ్ళీ నెత్తురు తీశాను.
నూట ఇరవై నాలుగు.
ప్లాంటు మోత ఆగలేదు.
పోశెట్టి బెంచీ మీదే నిద్రపోయాడు,
తలకింద ఆ చొక్కా.
ఉతకలేదు. డాక్టరమ్మకి చూపించాలట.